కుప్పంలో పెండ్లి

మొన్న పుంగనూరు ఆస్పత్రి వెనక హాల్లో నా పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. ఆవిడ పట్టుచీరలోంచి కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకు ఎవరికైనా పెట్టె అడుగున దాచిన చీరలూ, మేళాలూ, విస్తట్లో వేడివేడి ఓళిగలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం మా పెద్దనాయన గుర్తొస్తాడు, వెంటనే ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర మాది పుంగనూరులో సంతకు పోయే వీధి. ఎండాకాలం మిద్దె నిండా చింతపండు ఎండేది. చెనక్కాయలు పెరికే రోజుల్లో సోమల దగ్గరి మా చేని నుంచి మూటలు దిగి, నడవా అంతా పచ్చిమట్టి వాసన వేసేది. అమ్మ ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు ఒడిలో పోసుకుని, నేనూ ఎదురింటి సుజాతా అరుగు మీద అచ్చంగాయలు ఆడుతూ సాయంత్రాలు గడిపేవాళ్ళం. సుజాత నాకంటే పెద్దది. ఆ రాళ్ళన్నీ ఎగరేసి ముంజేతి మీద పట్టి, ఒక్కటీ జారనివ్వకుండా నా వైపు చూసి నవ్వేది. మా ఇంటికి మా నాయన పేరుకే యజమాని. మదనపల్లెలో టమాటా మండీ పెట్టిన పెద్దనాయన ఆదివారం ఆదివారం దిగి, కడుపునిండా తిని, మీసాలు తుడుచుకుని, మేము ఎట్లా బతకాలో తీర్పు చెప్పిపోయేవాడు. నాయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని అంతా వినేవాడు.

మా అన్న మోహన ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నిద్ర మానేశాడు. ఎవరో తనను పేరుపెట్టి తిడుతున్నారంటూ పెరట్లో నీళ్ళతొట్టి పక్కన చెవులు మూసుకుని కూర్చునేవాడు. అమ్మ కలిపి పెట్టిన ముద్ద నోట్లోనే ఉండిపోయేది. మనసుకు వైద్యం చేసే డాక్టరు నెలకోసారి మన ఆస్పత్రికే వస్తారు, చూపించండి అని మేం ఎప్పుడూ మందు తీసుకునే డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి మా వీధి చివరే. ఆ మాట వినగానే పెద్దనాయన నిప్పు తొక్కినట్టు లేచాడు.

"ఈడ సూపిస్తే ఊరంతా సూస్తాది. మదనపల్లెలో మన సుట్టాలుండారు. కుప్పం పోదాం, ఆడ మనల్ని ఎరిగినోళ్ళు ఎవురూ లేరు. ఎవురన్నా అడిగితే పెండ్లికి పోతాండామని సెప్పండి."

అన్న ఏమైపోతాడోనని అమ్మ బెంగ. ఎవరు చూస్తారోనని ఆయన బెంగ. మా వంశంలో రెండో బెంగకే పెద్దపీట.

అట్లా నెలనెలా మాకు కుప్పంలో పెండ్లి ఉండేది. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసేది, నాకు పావడా, అన్నకు గంజి పెట్టిన చొక్కా. అబద్ధానికి బలం రావాలని పెద్దనాయన ఒక సంచిలో టెంకాయ, తమలపాకులు కూడా పెట్టించి మా వెంట బయల్దేరేవాడు. ఎంత ముందుచూపో! పలమనేరులో బస్సు మారి, ఆకులో కట్టిన చిత్రాన్నం తింటూ, తమిళం, కన్నడం కలిసిపోయిన మాటలు వింటూ, కిటికీ పక్క సీటు కోసం అన్నతో పోట్లాడుతూ పోయేదాన్ని. నాకు నిజంగానే పండగలా ఉండేది. వీధిలో వాళ్ళు మాత్రం ముక్కున వేలేసుకున్నారు. మూఢంలో కూడా ముహూర్తాలు పెట్టుకునే చుట్టాలు మాకు తప్ప ఎవరికున్నారు మరి!

తమాషా ఏమిటంటే, కుప్పంలో డాక్టరమ్మ చూసేది ఒక పాత కల్యాణమండపంలో. పెండ్లిళ్ళు లేని రోజున ఆ మండపం వాళ్ళు ఉచితంగా ఇచ్చేవాళ్ళు. లోపల బెంచీల నిండా జనం, అందరూ మాలాగే తయారై వచ్చినవాళ్ళే. రామసముద్రం నుంచి ఒక రైతు పట్టుపంచె కట్టుకుని, పెద్దమండ్యం నుంచి ఒక తల్లి మెడనిండా నగలు పెట్టుకుని, పక్కన తలలు దించుకున్న పడుచుపిల్లలతో కూర్చునేవాళ్ళు. పెండ్లికొడుకూ పెండ్లికూతురూ తప్ప ఆ మండపంలో అన్నీ ఉండేవి. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గోడ వైపు తిరిగి కూర్చోవడంలో ఆ పెద్దమనుషుల నేర్పు చూసి తీరాలి.

డాక్టరమ్మ మాత్రం అన్నతో మామూలు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మీరు నిద్రపోతున్నారా అమ్మా?" అని అడిగేది. అమ్మను ఆ మాట మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. కొన్ని నెలలకు అన్న పడుకోసాగాడు. సంక్రాంతి తర్వాత ఒకరోజు తనే అడిగి రాగిసంగటి పెట్టించుకున్నాడు. అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి ఏడవడం చూశాను.

ఉగాది దాటాక మేం వెళ్ళినప్పుడు, మా నంబరు పిలవకముందే, మండపం మెట్లు ఎక్కుతూ ఎదురింటి నాగరాజప్ప కనబడ్డాడు. వెనక పట్టుచీరలో ఆయన భార్య, ఆమె చెయ్యి పట్టుకుని సుజాత. సుజాత నన్ను చూసి నవ్వబోయి, వాళ్ళ నాయన మొహం చూసి ఆగిపోయింది.

"ఏమప్పా, పెండ్లికొచ్చినారా?" అన్నాడు పెద్దనాయన, చొక్కా సర్దుకుంటూ.

"ఔనప్పా, పెండ్లికే. మీరూ?"

"మేమూ పెండ్లికే."

ఎవరి పెండ్లి అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. డాక్టరమ్మ గది ఎదురుగా ఉండగానే, రెండు కుటుంబాలూ వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచాయి. ఒకే బస్సు. అంతటితో ఊరుకున్నారా? దారి పొడుగునా ఇద్దరూ తినని భోజనాన్ని మెచ్చుకున్నారు. పాయసం కుదిరిందట, వంకాయకూరలో కారం ఎక్కువైందట. ఆకలికి నా కడుపు కాలిపోతూ ఉంది. అప్పుడు అన్న ముందుసీటు మీదికి వంగి, బస్సంతా వినేటట్టు అడిగాడు.

"పెద్దనాయనా, నా మాత్రలు తీసుకోలేదే? ఇంట్లో అయిపోయినాయి కదా?"

"వాడికి ఎండ తగిలుండాదిలేప్పా," అని పెద్దనాయన నవ్వాడు. నాగరాజప్ప కూడా నవ్వాడు. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం.

చూసినవాళ్ళు ఎదురింట్లోనే ఉన్నారు కాబట్టి, ఇక పెండ్లిళ్ళు వద్దని తీర్పు వచ్చింది. మాత్రలకు బదులు అన్న చేతికి తాయెత్తు వచ్చింది. నెల తిరక్కుండా అన్న మళ్ళీ తొట్టి దగ్గరికి చేరాడు. ఈసారి తిండే కాదు, నీళ్ళు కూడా ముట్టలేదు. చొక్కాలోంచి ఎముకలు కనబడేవి. వీడు మనకు దక్కడేమో అని అమ్మ ఒకసారి అంటే, నాయన తువ్వాలు మడత పెట్టుకున్నాడు.

ఆ మరుసటి సంతరోజు, మనసు డాక్టరు మా ఆస్పత్రికి వచ్చే రోజున, అమ్మ అంట్లు తోముతున్నది తోముతున్నట్టే లేచింది. కట్టుకున్నది పసుపు మరకల నూలుచీర. అన్న చెయ్యి ఒకవైపు, నా చెయ్యి ఒకవైపు పట్టుకుని, ఆవుల బేరాలూ కూరల గుట్టలూ దాటుకుంటూ సంత నడిమధ్యలోంచి ఆస్పత్రికి నడిచింది.

"యాడికి పోతాండావు అక్కా?" అని గాజులమ్మే ఆమె అడిగింది.

"ఆస్పత్రికి. మావోనికి మనసు బాగలేదు," అంది అమ్మ.

అడిగినవాళ్ళందరికీ అదే జవాబు, అదే గొంతు. ఊరు తలకిందులు కాలేదు. గాజులామె మాత్రం అన్నను కాసేపు చూసి, తన సీసాలోంచి నీళ్ళు ఇచ్చింది. అన్న తాగాడు. పెద్దనాయన మా గడప తొక్కనని శపథం చేశాడు, మా ఇంట్లో ఆదివారాలు హాయిగా గడిచాయి.

నాగరాజప్ప ఇంట్లో అమ్మలాంటి మనిషి లేకపోయింది. సుజాతను మళ్ళీ అరుగు మీదికి రానివ్వలేదు. వైద్యం సంగతి దాచి కోలారు అవతల ఎవరికో కట్టబెట్టారు. ఏడాదిలోపే అత్తింటివాళ్ళు వెనక్కి పంపించేశారు, ఆ తర్వాత కిటికీ కూడా తెరుచుకోలేదు. ఒకనాడు ఇల్లు అమ్మేసి ఎటో వెళ్ళిపోయారు. ఎక్కడికని అడిగినవాళ్ళకు పెండ్లికనే చెప్పి ఉంటారు.

ఇప్పుడు ఆస్పత్రి వెనక హాల్లో నెలనెలా మనసు బాగలేని పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. పక్కనే జిరాక్సు అంగడి నడిపే మా అన్న ఆ రోజు అంగడి మూసి, కుర్చీలు వేసి, అందరికీ టీలు అందిస్తాడు. మొన్నటి సమావేశానికి పెద్దమనిషిగా ఎవరిని పిలిచారనుకున్నారు? పెద్దనాయననే. శాలువా కప్పించుకుని, మా ఇంట్లో మొదటి నుంచీ ఇట్లాంటి వాటి మీద అవగాహన ఉండేదని మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్న కూడా కొట్టాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మిద్దె మీద చింతపండు లేదు, అరుగులు కాలవల కింద పోయాయి, అచ్చంగాయలు ఆడే పిల్లలు లేరు. సుజాత ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. పోవాల్సిన సిగ్గు మాత్రం కలరా ఉండల మధ్య చెక్కుచెదరకుండా ఉంది.

"ఏ ఊరమ్మా?" అని పక్కనున్న ఆవిడను అడిగాను.

"కుప్పం," అంది గొంతు తగ్గించి. "ఈడ పెండ్లికొచ్చినాం. అట్లే ఇట్ల వచ్చినాం." ఆవిడ పక్కన పదహారేళ్ళ కొడుకు చెవులు మూసుకుని ఉన్నాడు.

టీ గ్లాసులతో వచ్చిన అన్న ఆ మాట విన్నాడు. పళ్ళెం కింద పెట్టి, ఆ పిల్లాడి ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"మేమూ మీ ఊరికి ఇట్లే వచ్చేటోళ్ళమమ్మా," అన్నాడు. "వచ్చే నెల మామూలు చీరతో రాండి. ఈ పెండ్లికి పట్టుచీర అక్కర్లేదు."