తేలింది చెట్టుది

మా మామిడి రైతుల సంఘం ప్రెసిడెంటు గారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. చెప్పింది మా డైరెక్టర్లలో ఒకడైన నాగేశ్వరరావు అన్నయ్య. "ప్రెసిడెంటు గారు పోయారు చెల్లెమ్మా. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందంట. విజయవాడ తీసుకెళ్తుంటే దారిలోనే..." అని ఆగాడు. నేను ఆగిరిపల్లి సెంటర్లో స్కూటీ మీద ఉన్నాను, ఒక కాలు నేలకు ఆనించి. రెండో కాలు కూడా దించేలోపే, "మరి రేపటి లోడు సంగతి ఏం చేద్దామంటావు?" అన్నాడు.

ఆ పొద్దున మొదలైన చిరాకు ఇంకా తగ్గలేదు. ఇది రాయడానికి కూర్చున్నది కూడా ఆ చిరాకుతోనే. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచి చాలా ఉంది, చెబుతాను. కానీ నాకు ఆయన మీద కోపం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి రాస్తే ముందు ఆయనకే నచ్చదు. పైకి నిగనిగలాడుతూ లోపల పుల్లగా ఉండే కాయంటే ఆయనకు అసలు పడేది కాదు.

మా సంఘం పుట్టింది కూడా ఆ పులుపు వల్లే. మా వైపు అందరికీ తొందరెక్కువ. సీజన్ మొదట్లో ధర బాగుంటుందని కాయ ముదరకుండానే కోసేస్తాం. ఆ లేతకాయకు మందు పెట్టి రంగు తెప్పిస్తారు. చూస్తే బంగారం, నోట్లో పెట్టుకుంటే చింతకాయ. ఒక ఏడాది బయటి ఊళ్ల వ్యాపారులు "నూజివీడు వైపు కాయా? వద్దులెండి" అనడం మొదలుపెట్టారు. రసాలకు తాతల నాటి నుంచి పేరున్న నేల ఇది. ఆ మాట విని మేమంతా దళారుల్ని నోరారా తిట్టుకున్నాం. ఆయన మాత్రం తిట్టలేదు. "కోసింది మనమే కదండీ" అన్నారు. ఆ మాట మీద కోపం వచ్చినవాళ్లు వెళ్లిపోగా మిగిలిన కొద్దిమందితో సంఘం పెట్టారు.

సంఘానికి ఒక రేకుల షెడ్డు. షెడ్డు గుమ్మం పక్కన సగానికి కోసిన నీలం రంగు డ్రమ్ము, నిండా నీళ్లు. మేం దాన్ని తొట్టి అనేవాళ్లం. ఎవరి ట్రేలు వచ్చినా వాటిలోంచి పది కాయలు ఏరి ఆయన స్వయంగా ఆ నీళ్లలో వేసేవారు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. ఇది ఆయన కనిపెట్టిందేం కాదు, మా తాతలకీ తెలుసు. తెలిసీ అందరూ వదిలేసిన దాన్ని గుమ్మం దగ్గర పెట్టడమే ఆయన చేసిన పని. పదిలో రెండు తేలితే మొత్తం లోడు వెనక్కి. "మునిగింది మనది, తేలింది చెట్టుది" అనేవారు. చెట్టుకు ఇంకా పదిరోజులు ఉండాల్సిన కాయను మనం చెట్టుకు తెలియకుండా ఎత్తుకొచ్చామని ఆయన ఉద్దేశం.

సీజన్ ఉన్నన్నాళ్లూ ఆయన చొక్కా కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉండేది. ఎడమచెయ్యి మాత్రం మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి ఉండేది. కుడిచేతి మీద సొన పడి కాలిన మచ్చలు. పొద్దున్నే పాత టీవీఎస్ మీద వచ్చేవారు. ప్రెసిడెంటు కుర్చీ అని ఒకటి కొన్నాం గానీ అందులో ఆయన కూర్చోగా నేను చూడలేదు, దాని మీద ఎప్పుడూ ఖాళీ ట్రేలే ఉండేవి. తొట్టి పక్కన నిలబడే అందరితో మాట్లాడేవారు. సొంత తమ్ముడి లోడు వెనక్కి పంపితే, ఆ తమ్ముడు రెండు సీజన్లు ఈయనతో మాట్లాడలేదు. "వాడు మాట్లాడకపోతే నాకు బాధేనండీ. కానీ తేలాయి కదా" అనేవారు, అది తన చేతిలో లేని వ్యవహారమన్నట్టు.

ఒకసారి సంఘాలను ఎలా నడపాలో నేర్పడానికి ఒక కుర్రాడు లాప్‌టాప్, ప్రొజెక్టర్ పట్టుకుని వచ్చాడు. షెడ్డు గోడకు దుప్పటి కట్టాం. "మీ సంస్థ విజన్ ఏంటండీ?" అని అడిగాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్రెసిడెంటు గారు మాత్రం, "మా కాయ కొన్న ఇంట్లో పిల్ల, ఒకటి తిన్నాక రెండో కాయ అడగాలండీ" అన్నారు. ఆ అబ్బాయి తలూపి, గోడ మీద "వినియోగదారుల సంతృప్తి" అని పడేలా కొట్టాడు. "అది కాదండీ. రెండో కాయ" అన్నారు ఈయన. "అదేనండీ, దాన్నే ఇలా రాస్తాం" అన్నాడు అతను. "అలా రాస్తే పిల్ల కనపట్లేదు కదండీ" అన్నారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ పిల్ల ఏ ఊళ్లో ఉందో, ఎవరి పిల్లో మాకు తెలియదు గానీ, ఆయనకు మాత్రం ఎదురుగా కూర్చుని చేతులు నాక్కుంటూ కనపడేదని నా నమ్మకం.

ఇక నా సంగతి. మా ఆయన పోయాక తోట నా చేతికి వచ్చింది. మొదటి ఏడాది, కోత కూలీలు దొరికిందే భాగ్యమనుకుని కాయ కోయించేశాను. షెడ్డు దగ్గర పదిలో నాలుగు తేలాయి. అందరూ చూస్తుండగానే "వెనక్కి తీసుకెళ్లమ్మా" అన్నారు. నేను నలుగురిలో ఏడ్చాను. ఆ లోడు ఎవరో దళారికి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన మా తోటకు వచ్చారు. నేను పలకరించలేదు. చెట్టు కింద కూర్చుని ఒక కాయను అడ్డంగా కోసి నా చేతిలో పెట్టారు. "చూడమ్మా, లోపల ఇంకా తెల్లగానే ఉంది. పసుపుపచ్చ తిరగనీ. మిగతాది ఎనిమిది రోజులు చెట్టుకే ఉండనీ" అన్నారు.

ఉంచాను. ఆరో రోజు ఈదురుగాలి వచ్చింది. తోటలో సగం కాయ నేల మీద ఉంది. మిగిలిన సగం బ్రహ్మాండంగా పండింది, మునిగింది, మంచి పేరు తెచ్చింది, అన్నీ నిజమే. కానీ ఆ రాలిన సగం సంగతేంటని నేను ఆయన్ని నిలదీశాను. ఆయన తల దించుకుని, "గాలికి నేనేం చెప్పగలనమ్మా" అన్నారు. ఆ జవాబు నాకు చాల్లేదు. ఇప్పటికీ చాల్లేదు. ఇలాంటి వాటిని స్మృతి వ్యాసాల్లో ఎవరూ రాయరు గానీ, ఆశయాలు పెట్టుకున్నవాళ్ల పక్కన నడిచేవాళ్లకు రాలే కాయలు కూడా ఉంటాయి.

మరుసటేడు నన్ను వైస్ ప్రెసిడెంటుగా ఉండమన్నారు. "నన్నెందుకండీ?" అంటే, "లోడు వెనక్కి పంపితే ఏడ్చి కూడా మళ్లీ మా గుమ్మానికే వచ్చింది నువ్వొక్కదానివే" అన్నారు.

వైస్ ప్రెసిడెంటునన్న మాటే గానీ, ఆ తొట్టిలో ఒక్క కాయ కూడా నన్ను వెయ్యనివ్వలేదు. నా కోపం అక్కడుంది. ఎన్నిసార్లు అడిగానో. "మీరు లేనప్పుడు ఎవరు చూస్తారండీ? మాకూ అలవాటు చెయ్యండి" అంటే, "నేను లేకపోవడమేంటమ్మా, ఉన్నానుగా" అనేవారు. జ్వరం వస్తే లోడు ఆపించారు గానీ ఇంకొకరి చేత చేయించలేదు. "నన్ను చూసి కాదు, కాయను చూసి చెయ్యండి" అని నోటితో చెప్పేవారు. చేత్తో మాత్రం మాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇన్నేళ్లూ మేం భయపడింది ఆయన కుడిచేతికి. రెండో కాయ అడిగే పిల్ల మాలో ఎవరికీ ఒక్కసారి కూడా కనపడలేదు. అంత ముందుచూపున్న మనిషికి ఇది ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. బహుశా తట్టే ఉంటుంది. మా మీద నమ్మకం కుదరలేదేమో. కుదరకపోవడానికి ఆయన దగ్గర కారణాలు లేకపోలేదు.

ఆఖరి చూపుకు వెళ్లినప్పుడు ఆయనకు కొత్త చొక్కా వేసి ఉంచారు. రెండు చేతులకీ మణికట్టు దగ్గర బొత్తాలు పెట్టారు. కుడిచేతి బొత్తాం చూసేసరికి నాకు దుఃఖం ఆగలేదు.

పెద్దకర్మ దాకా లోడ్లు ఆపి, ఆ మర్నాడు షెడ్డులో సంతాపసభ పెట్టాం. షెడ్డంత పొడవున ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన నవ్వుతూ, మెడలో దండతో, వెనకాల ఎక్కడివో మంచుకొండలతో ఉన్నారు. రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. షెడ్డుకు ఆయన పేరు పెట్టాలని తీర్మానించాం. చప్పట్లు కొట్టబోయి, సంతాపసభ అని గుర్తొచ్చి ఆపుకున్నాం. అప్పుడు నాగేశ్వరరావు అన్నయ్య లేచాడు. "ఈ ఏడు పూత తక్కువ. గాలులంటున్నారు. వ్యాపారి ఇప్పుడే కాయ ఇమ్మంటున్నాడు. పెద్దాయన పోయిన బాధలో ఉన్నాం, ఈ తొట్టి గొడవ ఈ ఒక్క సీజన్‌కి పక్కన పెడదాం" అన్నాడు.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. ఆయన పేరు గోడకు ఎక్కిస్తూనే, ఆయన పెట్టినదాన్ని గుమ్మం నుంచి తీసేస్తున్నాం, అదీ ఆయన పోయిన బాధ పేరు చెప్పి. ఒక్క సీజన్ తీసేసిన తొట్టి మళ్లీ రాదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. తొట్టి లేని సంఘం ఇంకో దళారీ షెడ్డే. నేను లేచి ఆ మాట అనాలి. అంతా నా వైపే చూశారు, ఇక అధ్యక్షురాలిని నేనే కాబట్టి. నాకేమో మా తోటలో రాలిన సగం కాయ కళ్ల ముందు మెదిలింది. తీర్మానం కాగితం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. ఇతరుల మీద ఇంత చిరాకు పడుతున్న నేను చేసింది అది.

మూడో రోజు నా కాయే షెడ్డుకు వెళ్లింది. అవును, నేనూ కోయించాను. ట్రాక్టరు వెనకే స్కూటీ మీద వెళ్లాను. డైరెక్టర్లు ఫ్లెక్సీ కింద కుర్చీలు వేసుకుని టీ తాగుతున్నారు. తొట్టి గుమ్మం పక్కనే ఉంది గానీ, షెడ్డులో పనిచేసే మరియమ్మ ఫొటోకు వేసే బంతిపూల దండలు వాడిపోకుండా ఆ నీళ్లలో వేసి ఉంచింది.

"ట్రేలు దింపించనా అమ్మా?" అంది మరియమ్మ.

"ఒక్క నిమిషం ఆగు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. దండలు తీసి గట్టు మీద పెట్టాను. ట్రేల్లోంచి పది కాయలు ఏరాను. మంచివి ఏరుదామని చెయ్యి ఒకటి రెండుసార్లు పక్కకు వెళ్లింది, ఒప్పుకుంటున్నాను. నీళ్లలో వేశాను. మొదట అన్నీ మునిగినట్టే మునిగి, తర్వాత నాలుగు పైకి వచ్చాయి. ఏడేళ్ల కిందట నా మొదటి లోడులోనూ నాలుగే.

నాగేశ్వరరావు అన్నయ్య టీ గ్లాసుతోనే లేచి వచ్చాడు. "ఏంటి చెల్లెమ్మా ఇది? తీర్మానం చేశాం కదా. సంతకం నువ్వే పెట్టావు. ఇప్పుడిది ఎవరికి చూపించడానికి?"

న్యాయమైన ప్రశ్నే. చూపించడానికి అక్కడ ఎవరూ లేరు. అన్నాళ్లూ ఆయన చేత్తో వేసి, ఆయన నోటితో చెబితే, నేను ఆయన మీద కోపగించుకుని ఇంటికి వెళ్లి ఏడ్చేదాన్ని. ఇప్పుడు కోపగించుకోవడానికి కూడా మనిషి లేడు. కాయ ఉంది, నీళ్లున్నాయి, నేనున్నాను.

"బండి తిప్పు" అన్నాను ట్రాక్టరు డ్రైవరుతో.

"మరి చెట్టుకున్న కాయో? రేపు కూలీలు వస్తారు కదమ్మా" అన్నాడు.

"రావద్దను. చెట్టుకే ఉండనీ."

మైలవరం వైపు ఆకాశం నల్లగా ఉంది. ఫ్లెక్సీ గాలికి టపటప కొట్టుకుంటోంది. ఇంకో ఆరు రోజులకు నా తోటలో ఏం మిగులుతుందో నాకు తెలియదు. నేనేదో ఆయనంతటిదాన్ని అయిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఆ క్షణాన కూడా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

నా వెనక ట్రేలతో ఒక ఆటో ఆగి ఉంది. మా సంఘం సభ్యుడిదే. అతను దిగి తొట్టిలోకి తొంగిచూశాడు. తర్వాత నా మొహం చూశాడు. ట్రేలు దింపడం మాత్రం మొదలుపెట్టలేదు. ఆటోకు ఆనుకుని బీడీ వెలిగించి, మళ్లీ తొట్టి వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ నాలుగు కాయల్నీ తీయకుండానే వచ్చేశాను. రాలిన బంతి రేకుల మధ్య, ఫ్లెక్సీ నీడలో అవి నెమ్మదిగా తిరుగుతున్నాయి. సాయంత్రం మరియమ్మ ఫోన్ చేసి, "దండలు వాడిపోతున్నాయమ్మా, ఆ కాయలు తీసెయ్యనా? పొద్దుట్నుంచీ వచ్చినోళ్లంతా చూసి పోతున్నారు, ఎవరూ చెయ్యి పెట్టట్లేదు" అంది. ఉండనీ అన్నాను.