దిష్టిబొమ్మ లేని ఫొటో

నా చిన్నప్పుడు కెమెరాలోకి తల ఎత్తి చూసేవాళ్ళం కాదు, తల వంచి చూసేవాళ్ళం. మా చిన్నమావయ్య దగ్గర ఉన్నది అలాంటిదే. నల్లటి పెట్టె, ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళు, పైన మూత తెరిస్తే చదరపు అద్దం. అందులో లోకమంతా కుడి ఎడమై కనిపించేది. పలాస బజారులో మావయ్యకి చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ, ఉద్యోగాల దరఖాస్తులకి అంటించే ఫొటోలూ ఆయన బతుకుతెరువు. ప్రాణం మాత్రం సముద్రం మీదా, కొండల మీదా, పాత మేడల మీదా ఉండేది. మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టడం నా వల్ల కాదు, కొండలైతే చెప్పిన మాట వింటాయి అని నవ్వేవాడు.

ఆ వేసవికి నాకు పదకొండేళ్ళు. మావయ్య నన్ను గుంటా అని పిలిచేవాడు, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. సెలవులన్నాళ్ళూ ఆయన వెనక తోకలా తిరిగాను. ఆకాశం అంచున నీళ్ళ గీత వంకరగా పెడితే సముద్రం ఒలికిపోతుందని చెప్పాడు. మేడని తీసేటప్పుడు కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలిపోతాయని, అందుకే దూరంగా జరిగి నిటారుగా పెట్టాలని చెప్పాడు. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోకుండా మీట నొక్కితే రీలు దండగ అనేవాడు. రీలుకి పన్నెండే ఫొటోలు మరి.

ఆ రోజు తెల్లారేసరికి భావనపాడు రేవులో ఉన్నాం. అప్పటికి నెలరోజులుగా ఒక్క ఫొటో కోసం అక్కడికి తిరుగుతున్నాడు. ఒకనాడు మబ్బు, ఒకనాడు పడవలు లేవు, ఒకనాడు అన్నీ ఉండి గాలికి స్టాండు నిలవలేదు. ఆ పూట మాత్రం తిరిగొస్తున్న పడవలూ, ఎదర తడి ఇసకా, మబ్బు అంచు కిందనుంచి సూర్యుడూ అన్నీ వాటంతటవే కుదిరాయి. ముందు నన్ను అద్దంలోకి చూడనిచ్చి, తరవాత తను చూసి, ఒక్కసారే మీట నొక్కాడు. దాన్ని విశాఖపట్నంలో ఫొటోల పోటీకి పంపుతానన్నాడు. బస్సులో దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అదే రీలుతో పూండి దగ్గర ఒక ఊరు వెళ్ళాం. జీడితోటల ఆసామి ఒకాయన కొత్తగా డాబా కట్టించాడు. నాలుగు రోజుల్లో గృహప్రవేశం. ఇంటికి ఫొటో తీయించి ఆ ఇంట్లోనే గోడకి తగిలించుకోవాలని ఆయన సరదా. వరండా, గుండ్రటి స్తంభాలు, పైన పిట్టగోడ, అన్నీ బాగానే ఉన్నాయి. పిట్టగోడ మీంచి సరిగ్గా గుమ్మం ఎదుటికి దిష్టిబొమ్మ వేలాడుతోంది. గడ్డి ఒళ్ళు, పాత చొక్కా, సున్నం చుక్కలు పెట్టిన కుండ తలకాయ, బొగ్గు మీసాలు. మా ఊళ్ళల్లో ఇల్లు లేస్తుండగా కట్టిన బొమ్మని గృహప్రవేశం అయ్యేదాకా ఎవరూ కదపరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, అద్దంలో చూస్తే అది నాకు మరకలా కనిపించింది.

ఎండ ఇంటి ముఖం మీదికి తిరిగేదాకా ఆగాలని చెప్పి, మావయ్య ఆసామితో కలిసి కొబ్బరిబొండం తాగడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను మెట్లెక్కి, బొమ్మని తాడుతో పైకి లాగి డాబా మీద పడుకోబెట్టాను. లాగేటప్పుడు కుండ గోడకి తగిలి పగిలింది. మావయ్య వచ్చి అద్దంలోకి చూశాడు. తల ఎత్తి ఇంటివైపు చూశాడు, నావైపు చూశాడు. మబ్బు పట్టేలా ఉంది. వెలుగు పోకముందే మీట నొక్కాడు. మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయాను.

అప్పుడే ఆసామి తల్లి పెరట్లోంచి వచ్చింది. పైకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అక్కడున్న ఇటుకల మీదే కూలబడిపోయింది. అంతకుముందు కట్టిన బొమ్మ గాలికి ఊడిపోయిన మర్నాడే మేస్త్రీ పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడట. ఈ బొమ్మకి కొడుకు చొక్కా తొడిగి ఆవిడే స్వయంగా కట్టిందట. ఇంకోటి కట్టిద్దాంలే అని ఆసామి సర్దిచెప్పబోయాడు. ఆవిడ వేలు పెట్టి కెమెరాని చూపించింది.

"బొమ్మ మళ్ళీ కట్టుకుంతాం బాబూ. ఆ పెట్టిలోన నా ఇల్లు బొమ్మ లేకుండా ఉండిపోనాది గదా. దాన్నేటి సేత్తావు?"

మావయ్యకి ఇలాంటి నమ్మకాలేవీ లేవు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. ఆయన స్టాండు మీంచి కెమెరా తీసి, ఆవిడ ముందు నేల మీద కూర్చుని, పెట్టె వెనక తలుపు తెరిచాడు. రీలు కొస పట్టుకుని మొత్తం ఎండలోకి లాగేశాడు.

పొద్దుటి సముద్రం అందులోనే ఉంది. వెలుగు తగిలిన రీలులో ఏమీ మిగలదని నేర్పింది ఆయనే. నేను చేసిన పని ఎంతటిదో ఆ క్షణంలో తెలిసింది. ముసలావిడ రీలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన ఇల్లు అందులో లేదని తేల్చుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. లోపలికెళ్ళి మావయ్యకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

కొత్త కుండతో బొమ్మని మళ్ళీ కట్టారు. మావయ్య సంచిలోంచి ఇంకో రీలు తీసి ఎక్కించి, కెమెరా నా చేతిలో పెట్టాడు.

"ఫొటో బాగోకపోతే నువ్వు జరగాల గుంటా. ఎదర ఉన్నదాన్ని జరపకూడదు."

అద్దంలోకి చూస్తూ జరిగాను. కొబ్బరిచెట్టు పక్కదాకా వెళ్ళేసరికి ఇంటి రెండు గోడలూ కనిపించాయి. ఇందాక అట్టముక్కలా ఉన్న ఇల్లు మనుషులుండే ఇల్లయింది, బొమ్మ ఒక వారకి తప్పుకుంది. మీట నన్నే నొక్కమన్నాడు. నేను తీసిన మొదటి ఫొటో అదే.

తిరుగు బస్సులో ధైర్యం తెచ్చుకుని అడిగాను. స్టూడియోకి వెళ్ళి చీకటి గదిలో రీలు కడిగి, ఇంటి ఫొటో ఒక్కటీ కత్తిరించి పారేస్తే సముద్రం మిగిలేది కదా అని. ఆయన కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు.

"సీకటి గదిలోన సేసింది ఆవిడికి అవుపడదు గదా. బొమ్మ లేదని సూసి కూడా నొక్కినాను. తప్పు నాది కూడాను."

తరవాత ఎన్నో పొద్దులు భావనపాడు వెళ్ళాడు. మళ్ళీ అలా కుదరలేదు. పోటీకి ఏదీ పంపలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించేది.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఫొటో తీసి, అడ్డొచ్చిన కరెంటు తీగల్ని వేలితో చెరిపేస్తుంది. నేను వద్దనను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం మోకాళ్ళు నొప్పెడుతున్నా నాలుగడుగులు పక్కకి జరుగుతాను. ఎదర ఉన్నది ఎవరిదో వాళ్ళని అడిగి మరీ తీస్తాను. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ సముద్రాన్ని ఆ అద్దంలో చూసింది ఆయనా నేనూ, ఇద్దరమే. ఇక నేనొక్కదాన్నే మిగిలాను. కళ్ళు మూసుకుంటే ఆ పడవలు ఇప్పటికీ కుడి ఎడమై, రేవుకి తప్పు వైపునుంచి వస్తుంటాయి.