మూడు జాకెట్ ముక్కల డ్రెస్సు

ఆ రోజుల్లో నాకు ఆకలీ నిద్రా ఎంత టైముకి వచ్చేవో కుళ్ళు కూడా అంత టైముకీ వచ్చేది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఓ చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని మా పిన్ని కూతురు బుజ్జి స్టేటస్ చూసేదాన్ని. దాంతో ఆ పూటకి సరిపడా కడుపుమంట దొరికేది. డిగ్రీ రెండో సంవత్సరంలో నేను ఒక్కరోజు కూడా మానకుండా చేసిన పని అదొక్కటే. బుజ్జి నాకన్నా మూడు నెలలు చిన్న. (ఆ మూడు నెలల పెద్దరికానికి నాకు దక్కింది 'అక్కా' అన్న పిలుపు మాత్రమే, మిగతావన్నీ దానికే దక్కాయి.) వాళ్ళు బెజవాడలో, మేము ఉయ్యూరులో. అది సన్నగా పొడుగ్గా ఉండేది, నేను మా నాన్న పోలిక. ఇవన్నీ ఎలాగో ఓర్చుకునేదాన్ని గానీ, అమ్మమ్మ దగ్గర మాత్రం నా వల్ల అయ్యేది కాదు. మా అమ్మమ్మ ఒకప్పుడు కంకిపాడులో సగం మంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టిన మనిషి. ఎవర్నీ ఊరికే మెచ్చుకోదు. అలాంటిది బుజ్జి కనిపిస్తే చాలు, "దీనికి గోనెసంచి కుట్టినా నప్పుతుందే" అనేది. నన్ను చూస్తే "అన్నం తిన్నావా?" అనేది. అమ్మమ్మ నోటివెంట ఒక్కసారి, అదీ బుజ్జి పక్కనుండగా, "బాగుందే" అనిపించుకోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను.

ఒకరోజు స్టేటస్‌లో బుజ్జి కొత్త డ్రెస్సు పెట్టింది. పైన ఒక రంగు, నడుం దగ్గర ఇంకో రంగు, కింద మరో రంగు. కింద 'కలర్ బ్లాక్' అని రాసి మూడు గుండెకాయలు పెట్టింది. ఒళ్ళు మండిపోయింది. మూడు ముక్కలు కలిపి కుట్టడం కూడా గొప్పేనా అని గట్టిగా అనుకుని, ఆ ఫొటోని పెద్దది చేసి పావుగంట చూశాను. ఇంకో పది రోజుల్లో వాళ్ళ కొత్త ఫ్లాటు గృహప్రవేశం. అమ్మమ్మతో సహా అందరూ వస్తారు. పక్కింటి ఆంటీ క్రిస్మస్‌కి చర్చి క్వయర్ పిల్లలందరికీ గౌన్లు కుట్టే మనిషి, వేసవి సెలవుల్లో ఆవిడ దగ్గరే నేను కుట్టు నేర్చుకున్నాను. ఇక ముక్కలంటారా, మా ఇంట్లో ఉన్నన్ని ముక్కలు బట్టలకొట్లో కూడా ఉండవు.

అవి అమ్మ ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో ఉండేవి. మా వైపు ఏ శుభకార్యానికి వెళ్ళినా బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఓ జాకెట్ ముక్క చేతిలో పెడతారు. దాన్ని కుట్టించుకునేవాళ్ళు తక్కువ, దాచి ఇంకొకరికి పెట్టేవాళ్ళే ఎక్కువ. ఇందులో ఒకటే గండం. ఎవరు పెట్టింది వాళ్ళకే తిరిగి పెట్టేశామా, ఇక ఆ చుట్టరికం ఆర్నెల్ల దాకా కోలుకోదు. అందుకని మా అమ్మ ప్రతి ముక్క మడతలో ఓ చీటీ పెట్టేది. 'కంకిపాడు మరదలు, పాప ఓణీలకి' అనో, 'ఎదురింటావిడ, వరలక్ష్మీ వ్రతం' అనో. అడిగితే ఇవ్వదని తెలుసు కాబట్టి నేను అడగలేదు. ఆవపువ్వు రంగుది ఒకటి, తెల్లచుక్కల మెరూన్ ఒకటి, నెమలికంఠం రంగుది ఒకటి తీశాను. ఏది దేనికి నప్పుతుందో చూసే తొందరలో ఇంకో పదిహేను ముక్కలు విప్పి, రాలిన చీటీలన్నీ చదవకుండానే స్వీట్ల డబ్బాలో కుక్కేశాను.

ఆంటీ కత్తెర పట్టుకుని "ఆది ఏదమ్మా?" అంది. ఆది అంటే మన ఒంటికి సరిపోయిన పాత బట్ట. దాన్ని గుడ్డ మీద పరిచి, దాని చుట్టూ సుద్దతో గీసి కత్తిరిస్తారు. నా చుడీదార్లన్నీ గాదె గుమ్ముల్లా ఉండేవి. వాటి కొలతతో కుడితే బుజ్జి డ్రెస్సులా ఎలా వస్తుంది? ఎప్పుడో బుజ్జి మా ఇంట్లో మర్చిపోయిన కుర్తీ ఒకటుంది. అమ్మ వేసుకోమంటే, దాని విడిచిన బట్టలు నాకెందుకని మూల పడేశాను. అది పట్టుకెళ్ళి ఇచ్చాను.

"ఇది నీదేనా?" అంది ఆంటీ, కుర్తీ వంకా నా వంకా చూసి.

"నాదేనండీ."

"పక్కల్లో కాస్త గుడ్డ వదులుదాం. రేపు కావాలంటే విప్పుకోవచ్చు."

"వద్దండీ, బిగుతుగా ఉంటేనే ఫ్యాషను."

నాలుగు రోజుల్లో డ్రెస్సు తయారైంది. మిషను తొక్కింది అంతా నేనే, ఆంటీ జిప్పు మాత్రం వేసింది. వేసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. వేసుకున్నాక మళ్ళీ వదలడానికి వీలు కాలేదు. అయితేనేం, అద్దంలో మూడు రంగులూ ధగధగలాడుతున్నాయి. గృహప్రవేశం రోజు పొద్దున్నే డ్రెస్సు మీద చున్నీ కప్పుకున్నాను, అమ్మ హడావుడిలో గమనించలేదు. ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాను. అమ్మ ఎందుకే అంటే కాళ్ళు పట్టేశాయన్నాను.

ఫ్లాటులోకి వెళ్ళగానే చున్నీ తీసేశాను. బుజ్జి పట్టులంగాలో పరిగెత్తుకొచ్చి, "అక్కా, ఎంత బాగుందే. ఏ షాపులో కొన్నావ్?" అంది. "కొనలేదు, కుట్టుకున్నాను" అని చాలా మామూలుగా, నాలుగుసార్లు ఇంట్లో చెప్పుకుని చూసుకున్న గొంతుతో చెప్పాను. అది నోరు తెరిచింది. నాకు కడుపు నిండిపోయింది. (నిండినా ఎక్కడికీ పోయే దారి లేదు, అంత బిగుతు.) సరిగ్గా అప్పుడే కంకిపాడు అత్తయ్య, అంటే మా మావయ్య భార్య, నా భుజం పట్టుకుని గిర్రున తిప్పింది.

"ఆగవే. ఈ మెరూన్ గుడ్డ మా పాప ఓణీలకి నేను మీ అమ్మకి పెట్టిందే. చుక్కలతో సహా నాకు బాగా గుర్తు." అమ్మ వైపు తిరిగి, "అంటే కుట్టించుకోలేదన్నమాట వదినా. మేం పెట్టేవి మీకు నచ్చవులెండి" అంది.

అమ్మ నన్ను చూసిన చూపుకి ఆ డ్రెస్సు అక్కడికక్కడే కుట్లు ఊడాల్సింది. ఇంతలో మా పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వచ్చింది.

"నువ్వు పెట్టిందేంటే? అది మా వాడి పంచెల ఫంక్షన్‌కి నేను నీకు పెట్టింది."

అత్తయ్య కాఫీ గ్లాసులోకి చూడటం మొదలుపెట్టింది. అంతటితో అయిపోయేదే, కానీ పళ్ళెం పట్టుకుని వెళ్తున్న పిన్ని ఆగి, "అయ్యో పెద్దక్కా, అది నీకు నేను పెట్టలేదూ? ఇబ్రహీంపట్నంలో మీ ఇంటికొచ్చినప్పుడు" అనేసింది. ఆ ముక్క బెజవాడలో బయల్దేరి, ఇబ్రహీంపట్నం, కంకిపాడు, ఉయ్యూరు తిరిగి, ఒక్కరి ఒంటి మీదికీ ఎక్కకుండా, చివరికి నా నడుం మీద మళ్ళీ బెజవాడ చేరింది. ముందు పెద్దమ్మ కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు, ఒక్క అమ్మ తప్ప.

"ఇటు రావే" అంది అమ్మమ్మ కుర్చీలోంచి. బుజ్జి అక్కడే కింద కూర్చుని ఉంది. అమ్మమ్మ నా డ్రెస్సు అంచు తిరగేసి లోపలి కుట్లు చూసింది, చంక దగ్గర చూసింది, రెండు రంగులు కలిసేచోట గోటితో గీకింది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ బిగుతు గుడ్డ మీంచి అందరికీ కనబడే ఉంటుంది.

"కుట్టు బాగుందే" అంది. నేను బుజ్జి వంక చూశాను. చిన్నప్పట్నుంచీ ఎదురుచూసిన క్షణం అది. కానీ అమ్మమ్మ చెయ్యి ఆగలేదు. పక్క కుట్టు దగ్గర రెండువేళ్ళు దూర్చబోయింది, దూరలేదు.

"ఆది ఎవరిదే?"

"నాదే అమ్మమ్మా."

అమ్మమ్మ నన్ను చూసింది, బుజ్జిని చూసింది. "సరేలే. భోజనాల దగ్గర కాస్త చూసుకుని తిను" అంది. తర్వాత నా భుజం మీది ఆవపువ్వు రంగు గుడ్డని నిమిరి, "ఇది ఇన్నేళ్ళూ దాచావా?" అని అమ్మని అడిగింది. పప్పు మాడుతున్నట్టుందని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు పప్పు వండింది క్యాటరింగువాళ్ళు, అదీ కింద సెల్లార్లో.

వచ్చేటప్పుడు బుజ్జి లిఫ్టు దాకా వచ్చి, "అక్కా, ఒక్కసారి ఇవ్వవా? కాలేజీ ఫంక్షన్‌కి వేసుకుని ఇచ్చేస్తాను" అంది. దాని కళ్ళలో నిజంగానే ఆశ ఉంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నీకు పట్టదు" అన్నాను.

మర్నాడు అమ్మ స్వీట్ల డబ్బా నా ముందు పెట్టి, ఏ చీటీ ఏ ముక్కదో చూసి పెట్టమంది. తిట్లు తింటూ సర్దుతుంటే ఓ పాత చీటీ దొరికింది, కాగితం పసుపెక్కిపోయింది. 'అమ్మ పెట్టింది. చెల్లిదానికి జరీ ఉంది. నాదానికి లేదు.' అమ్మమ్మ నిమిరిన ఆ ఆవపువ్వు రంగు ముక్కలోది. నేను పైకి చదివాను. అమ్మ గభాల్న లాక్కుంది.

"ఏదో చిన్నతనం. నువ్వింకా పుట్టలేదు అప్పటికి" అంది. కాసేపు ముక్కలు మడతపెట్టి, మళ్ళీ తనే, "అయినా ఇద్దరికీ ఒకటే తేవచ్చు కదా" అంది. ఈ జబ్బు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత అమ్మ నన్ను తిట్టడం మానేసింది.

అమ్మమ్మ పోయి నాలుగేళ్ళయింది. మొన్నామధ్య బీరువా సర్దుతుంటే ఆ డ్రెస్సు బయటపడింది. తలుపు గడియ పెట్టుకుని ప్రయత్నించాను. మోచేతుల దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చుని, చివరికి ఉతికి, ఇస్త్రీ చేసి, బుజ్జికి పార్శిల్ పంపించాను. మడతలో ఓ చీటీ పెట్టాను, 'అక్క పెట్టింది' అని. రెండోరోజు పొద్దున్న కాఫీ టైముకి దాని స్టేటస్‌లో వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, పక్కల్లో ఎక్కడా ఒక్క ముడత లేదు. 'మా అక్క స్వయంగా కుట్టింది' అని రాసి, మూడు గుండెకాయలు పెట్టింది. ఫొటో పెద్దది చేసి చూశాను. పాత మంటే, కొద్దిగా, మర్యాదగా వచ్చి వెళ్ళింది. కిందనే మెసేజి కూడా ఉంది. "అప్పుడు పట్టదన్నావు కదక్కా. చూడు, నా కొలతలు తీసుకుని కుట్టినట్టే ఉంది."

ఉండదూ మరి, ఆది దానిదేగా. ఆ మాట మాత్రం దానికి ఇంకా చెప్పలేదు.