గార్డెన్ రీచ్‌లో రెండో బంతికి కూర్చున్న పెద్దాయన

తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం చెప్పీ చెప్పీ నాకే ఆవలింతలొస్తున్న రోజుల్లో కలకత్తా నుంచి గౌరక్క ఫోన్ చేసింది. గౌరక్క మా పెద్దమ్మ కూతురు. గార్డెన్ రీచ్ రేవులో పనిచేసే శ్రీకాకుళం కుటుంబాల వాడలో ఉంటుంది. ఆమె మామగారు అప్పన్నగారే ఆ వాడకు పెద్ద. ఎన్నికా లేదు, గడువూ లేదు, తండ్రి నుంచి వచ్చిన పెద్దరికం. అసిరితల్లి సంబరంలో ఆయన మొదటి ముద్ద తినేదాకా ఎవరూ విస్తరి ముట్టకూడదు. పోయినేడు ఆయన ఏదో తగవు తీర్చడానికి వెళ్ళి, మూడు దాటినా రాలేదట. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే గౌరక్క గరిటె పట్టుకుని వడ్డించేసింది. ఆనాటి నుంచి ఆయన కోడలి చేతి అన్నం ముట్టలేదు, చిన్నకొడుకు ఇంట్లోనే భోజనం. వాడ మాత్రం కోడలి పక్షం చేరి, కూర్చుని రూల్స్ రాసుకుంది. "ఈ ఏడు రూలు పెకారం సంబరం. మావ రానంతన్నాడు. నువ్వయినా రా తమ్ముడూ" అంది. నా పాఠాన్ని కళ్ళారా చూడొచ్చని బయల్దేరాను.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ధర్మతలలో బస్సెక్కి ఖిదిర్‌పూర్‌లో దిగి, షేర్ ఆటో పట్టుకున్నాను. రెండూ కలిపి యాభై రూపాయలు దాటలేదు. గంటన్నర పట్టింది గానీ, అందులో సగం రేవు లారీల వెనక నిలబడ్డదే. తెలుగువాళ్ళ సంబరానికని చెబితే డ్రైవరు దాదా నవ్వి, మాంసం వాసన వచ్చినచోట ఆపుతానన్నాడు. అలాగే ఆపాడు.

సంబరం జరిగే వాడ క్లబ్బు గోడకు రూల్స్ అంటించి ఉన్నాయి. మాట తెలుగు, అక్షరం బెంగాలీ. కుర్రకారుకు తెలుగు చదవడం రాదు మరి. గౌరక్కే చదివి చెప్పింది: పన్నెండింటికి మొదటి బంతి పిల్లలకు, వండినవాళ్ళకు; పెద్దను రెండేళ్ళకోసారి చేతులెత్తి ఎన్నుకోవాలి; రూలు పెద్దకూ వర్తిస్తుంది. చదువుతోందే గానీ చూపంతా వీధి మలుపు మీదే ఉంది.

పన్నెండయింది. ఆయన రాలేదు. వెళ్ళి బతిమాలి తీసుకొద్దామన్నారు కొందరు. గౌరక్క మాత్రం పిల్లలకు వడ్డించేయమంది. బంతి సగంలో ఉండగా అప్పన్నగారు ఇస్త్రీ కండువాతో వచ్చారు. గరిటెలు ఆగిపోయాయి. పిల్లలు మాత్రం తినడం ఆపలేదు.

"నానెక్కడ కూకోవాల?" అన్నారాయన.

"రెండో బంతి, మావా." అంది గౌరక్క.

ఆయన కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని తన వంతు వచ్చేదాకా ఎదురుచూశారు. తీరా గౌరక్క కూర గిన్నెతో ముందు నిలబడితే, "నీ సేతి కూర తిని ఏడాదైపోనాది. ఓ గరిటె ఎక్కువెయ్యమ్మా" అన్నారు. గౌరక్క ఏడుస్తూనే మూడు గరిటెలు వేసింది.

సాయంత్రం చేతులెత్తి పెద్దను ఎన్నుకున్నారు. మళ్ళీ అప్పన్నగారే, అయితే రెండేళ్ళకే. నా పాఠంలో రాజుకు తలే పోతుంది. ఇక్కడ రాజుగారికి కాస్త ఆకలైంది, అంతే. తండ్రి నుంచి వచ్చిన పెద్దరికం కన్నా వాడ చేతులెత్తి ఇచ్చినదే ఆయనకు బాగా నప్పిందనిపించి, నాకు పట్టరాని సంతోషమేసింది. సంబరానికి వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఒక మాట: దారిలో ఖిదిర్‌పూర్‌లో రెండు కచోరీలు తినే వెళ్ళండి. అతిథులదీ రెండో బంతే, ఎంత గొప్పవాళ్ళయినా సరే.