డాక్టర్ సాబ్ ఒప్పుకున్న పొరపాటు

మా గల్లీ డాక్టర్ సాబ్ పోయారని తమ్ముడు మొన్న మా ఇంటికొచ్చి చెప్పాడు. "చానా దినాల సంది మంచం మీదనే ఉండె, అక్కా" అన్నాడు. ఇదే ఊళ్లో ఉండి కూడా నేను ఒక్కసారి వెళ్లి చూడలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా పుట్టింటికి నాలుగిళ్ల అవతల ఆయన దవాఖానా. చలికాలంలో నాడి పట్టే ముందు తన చేతులు రుద్దుకుని వెచ్చబరచుకునేవారు. ఎవరెంత కంగారుగా వచ్చినా "ముందుగాల కూసో, ఊపిరి తీస్కో" అనేవారు.

డెబ్బైల చివర్లో నేను పదో తరగతి. బుగ్గల మీది మొటిమలకు ఆయన యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు రాశారు. మొటిమలు కాస్త నెమ్మదించాయి గానీ, నుదుటి నిండా, వీపు మీదా సన్నటి పొక్కులు లేచాయి. అవీ మొటిమలే అనుకుని అదే మందు కొనసాగించమన్నారు. అమ్మేమో వేడి చేసిందని రోజూ తలకు నూనె పెట్టి, చేతికి మిగిలింది నా నుదుటికి రాసేది. అద్దం చూసుకుంటే ఏడుపొచ్చేది. బడి మానేశాను. పరీక్షలు రాయనని మొండికేశాను.

అమ్మ నన్ను మళ్లీ దవాఖానాకు లాక్కెళ్లింది. బల్ల నిండా జనం. ఆయన నా మొహం వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశారు.

"దురద పెడ్తుందా, బేటీ?"

"మస్తు పెడ్తది. చెమట పడితే ఇంకా ఎక్కువ."

ఆయన అమ్మ వైపు తిరిగారు. "ఈ మాట నేను మొదలే అడగాల్సుండె. బుగ్గల మీదియి మొటిమలే. నుదుటివి కావు, అన్నీ ఒక్క తీరుగున్నయ్ చూడు. ఇది ఫంగస్, వెంట్రుక కుదుళ్లల్ల పెరుగుతది. దీన్ని అదుపుల ఉంచే మంచి క్రిములను చంపి, నా గోలీలే దీన్ని పెంచినయ్. తప్పు నాదేనమ్మా."

క్యాప్సూళ్లు ఆపించారు, నూనె మాన్పించారు. చుండ్రుకు వాడే మందు షాంపూ నుదుటికీ వీపుకీ పట్టించి, కాసేపాగి కడుక్కోమన్నారు. మొటిమలకు వేరే పూతమందు ఇచ్చారు. కొన్ని వారాల్లో మొహం తేటపడింది. పరీక్షలు రాశాను, పాసయ్యాను.

అమ్మ మాత్రం గల్లీలో నీళ్ల నల్లా దగ్గర "ఆయన మందుతోనే నా బిడ్డ మొఖం ఖరాబైంది, ఆయననే ఒప్పుకున్నడు" అని అందరికీ చెప్పింది. నయం చేసిందీ ఆయనేనని చెప్పలేదు. నేను పక్కనే బిందె పట్టుకుని నిలబడి కూడా నోరు మెదపలేదు. చూస్తుండగానే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

ఒక సాయంత్రం చెల్లికి జ్వరమొస్తే, ఆయన వాకిలి ముందు నుంచే రిక్షాలో ఇంకో డాక్టర్ దగ్గరికి బయల్దేరాం. ఆయన గడపలో ఒక్కరే నిలబడి ఉన్నారు. ఎక్కడికని అడగలేదు. మచ్చ లేని నా మొహం చూసి సంతోషంగా తలూపారు. నేను చున్నీ నుదుటి మీదికి లాక్కుని అటు తిరిగాను.