బీరయ్య మట్టి మంద

2018 ఎండాకాలం. నల్లగొండలో పానగల్ వెళ్లే దారిలో ఒక ట్రస్టు వాళ్లు కిరాయికి తీసుకున్న ఇంట్లో మానసిక ఆరోగ్య కేంద్రం నడిచేది. పెద్ద దవాఖానలో మందులతో కుదుటపడ్డవాళ్లు ఇంటికి వెళ్లేముందు కొన్నాళ్లు అక్కడ ఉండేవారు. వారానికి మూడు రోజులు వాళ్లతో బొమ్మలు చేయించడం నా పని. కాగితాల మీద దాని పేరు ఆర్ట్ థెరపీ. నేను చదివింది మాత్రం డ్రాయింగ్ టీచర్ ట్రైనింగు. చేతికి పని దొరికితే మనసు కాసేపు తన గోల మానుకుంటుంది, ఆ కాసేపట్లో లోపలి మనిషి కనబడతాడు. నాకు తెలిసిన థెరపీ అంతే.

బీరయ్యది దేవరకొండ దగ్గర పల్లె. పేరు మార్చి రాస్తున్నాను. నలభై అయిదేళ్లు ఉంటాయి, పుట్టినప్పటి నుంచీ గొర్లకాపరి. హోలీ ముందు నుంచి ఆయనకు ఎవరో పిలుస్తున్నట్టు వినబడేదట. మందను వదిలేసి ఆ పిలుపు వెంట గుట్టలు పట్టుకుని పోయేవాడట. మందులతో ఆ గొంతులు ఆగాయి గాని మనిషి బిగుసుకుపోయాడు. తినమంటే తినేవాడు, లెమ్మంటే లేచేవాడు. అడిగినదానికి ఒక్క మాట వస్తే ఆ రోజు పండగే.

ఎమ్మెస్సీ కాదు, ఎమ్మెస్‌ఈ అని ఒక పరీక్ష ఉంటుంది. మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్. ఈరోజు ఏ వారం, మనం ఏ ఊళ్లో ఉన్నాం లాంటి ప్రశ్నలతో మనిషి జ్ఞాపకం, ధ్యాస ఎంతవరకు ఉన్నాయో చూస్తారు. మా డాక్టరు చిన్నవాడు, మంచివాడు. పల్లె మనిషికి పల్లె ప్రశ్నే వేద్దామని, "మీకు గొర్రెలు ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు. బీరయ్య తల దించుకున్నాడు. మూడు వారాల్లో మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అంతే. సొంత పని గురించి కూడా జ్ఞాపకం లేదని ఫైల్లో ఎక్కింది.

ఆ ఒక్క వాక్యం ఎంత పని చేయబోయిందో చెప్తాను. బీరయ్య తమ్ముడు వచ్చి డాక్టరు ముందు కూర్చున్నాడు. "అన్నకు యాది లేకపాయె సార్. మందను అమ్మేస్తం. అన్నను పట్నం దిక్కు ఏదన్న ఆశ్రమంల ఉంచుతం. గుట్టలల్ల వడి సస్తె ఎవలు జూస్తరు?" ఆయన మాటల్లో దుర్మార్గం లేదు, భయం ఉంది. సోమవారం నాటికి తన అభిప్రాయం రాసిస్తానన్నాడు డాక్టరు. బీరయ్య భార్య లింగమ్మ, మూడు నెలలుగా ఒంటరిగా మందను కాస్తున్న మనిషి, వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "ఎట్లనన్న జేసి ఇంటికి తోలుండ్రి మేడం. మంద పోయిందంటె గా మనిషి ఉండడు. నాకెరుక."

నేనేం చేయగలను? నా చేతిలో ఉన్నవి రంగు డబ్బాలు, ఒక టబ్బు మట్టి. రంగులు బీరయ్యకు నచ్చలేదు. వేలికి అంటితే తువ్వాలకు తుడిచేసుకున్నాడు. మట్టి ముద్ద చేతికిస్తే మాత్రం చాలాసేపు పిసుకుతూ కూర్చుని, బొటనవేలంత గొర్రెను చేశాడు. తర్వాత ఇంకొకటి. రెండు వారాలు తిరిగేసరికి పెద్ద ట్రే నిండిపోయింది. నాకవన్నీ ఒకటే మట్టి, ఒకటే గొర్రె. ఇట్లా ఒకే బొమ్మను తిప్పి తిప్పి చేయడం కూడా జబ్బు లక్షణమే అయి ఉంటుందని, ఏదో పెద్ద తెలిసినదానిలా, రిజిస్టర్లో రాశాను కూడా.

"ఎన్ని చేసినవ్ బీరన్నా?" అని మెచ్చుకోలుగా అడిగాను. ఆయన నా వంక ఒకసారి చూసి ట్రే మీద తువ్వాల కప్పేశాడు.

శుక్రవారం పొద్దున ట్రేను డాబా మీద ఎండకు పెడదామని ఎత్తుకుంటే మెట్ల మీద కాలు జారింది. ట్రే నిలిచింది గాని ఒక గొర్రె కిందపడి ముక్కలైంది. ముక్కలు ఏరి టబ్బులో పడేశాను. మిగతావాటిని జరిపి ఖాళీ కనబడకుండా సర్దాను. అంత మందలో ఒక్కటి పోతే ఎవరు కనిపెడతారులే అనుకున్నాను.

బీరయ్య వచ్చాడు, తువ్వాల తీశాడు. గుక్కెడు నీళ్లు మింగేంతసేపు చూశాడేమో. ఒక చిన్న గొర్రెపిల్ల మీద వేలు పెట్టాడు.

"దీని తల్లి ఏది?"

"ఏ తల్లి?"

"కర్రెది. ఎడమ చెవు చీరింది. కంపల వడి చీరుకపోయింది."

మూడు వారాల్లో ఆయన నోట అన్ని మాటలు నేను వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "కింద పడ్డది బీరన్నా. నేనే పడేసిన. మాఫ్ చెయ్యి," అన్నాను. ఆయన టబ్బులోంచి మట్టి తీసుకుని ఆ నల్ల గొర్రెను మళ్లీ చేసి, గోటితో ఎడమ చెవి చీల్చి, పిల్ల పక్కన నిలబెట్టాడు.

నేను పరుగున డాక్టరు గదికి పోయాను. ఆయన అంతా విని, "బొమ్మలు గుర్తుండటం వేరు మేడం, మంద గుర్తుండటం వేరు. తోచినట్టు చేసి ఉండొచ్చు కదా," అన్నాడు. కోపం వచ్చింది గాని మాట న్యాయమైనదే. "అయితే లింగమ్మకు చూపిద్దాం. ఆమెకు ముందే ఏమీ చెప్పొద్దు," అన్నాను.

శనివారం లింగమ్మ వచ్చింది. బీరయ్య అవతలి గదిలో అన్నం దగ్గర ఉన్నాడు. డాక్టరు తన చేత్తోనే తువ్వాల తీసి, "ఇవేంటో చెప్పగలవా అమ్మా?" అని అడిగాడు. లింగమ్మ ట్రే ముందు గొంతుక్కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కదాన్ని వేలితో తాకుతూ మొదలుపెట్టింది.

"గిది కుంటి బొల్లి. గిది దాని బిడ్డ. గీ రెండు జంట పిల్లలు, శివరాత్రికి పుట్టినయ్. గీ పొట్టేలు మా అవ్వగారింటోళ్లు వెట్టింది, కొమ్ము వంకర జూడుండ్రి. గిది చెవు చీరిన కర్రెది."

ఒకదాని దగ్గర ఆమె వేలు ఆగింది. "గిది సచ్చిపోయింది సార్. ఈయన ఈడికొచ్చినంక సచ్చింది. ఈయనకు తెల్వదు."

డాక్టరు కుర్చీ వదిలేసి నేల మీద కూర్చున్నాడు. ఎక్కడా రంగు లేదు, ఉన్నదంతా ఒకే మట్టి. వాటిలో ఒక కాలి వంపు, ఒక కొమ్ము తిరుగుడు, ఒక మెడ వాలు. ఇరవై ఏళ్లుగా బొమ్మలు నేర్పుతున్నాను, నేను చూడలేకపోయాను. ఏ కాగితమూ, ఫొటో ముక్కా లేకుండా మూడు నెలల పాటు ఒక మనిషి తన మందను లోపల కాచుకుంటూ వచ్చాడు. మేము ఆయన ఖాళీ అయిపోయాడని రాసుకున్నాం.

"మరి ఎన్ని ఉన్నాయని మూడుసార్లు అడిగితే చెప్పలేదేం?" డాక్టరు గొంతు నెమ్మదిగా ఉంది.

లింగమ్మ ఆయన వంక వింతగా చూసింది. "జీవాలను లెక్కవెడ్తరా సార్? లెక్కవెడ్తె దిష్టి తగుల్తది, తరుగుతయ్. మేం మొకాలు జూసుకుంటం. ఏ మొకం లేకుంటె గా మొకం ఎతుక్కుంటం. మీరు ఎన్నంటె ఎట్ల జెప్తడు?"

డాక్టరు నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఫైలు తెప్పించి ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. మందులు ఆపకూడదు, నెలనెలా చూపించుకోవాలి, మందను కాయగలడు అని రాశాడు. తమ్ముడికి తనే ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. ఆ మందలో ఎన్ని ఉన్నాయో ఇక్కడ కూడా రాయను. నాకు తెలిసినా రాయను.

చనిపోయిన గొర్రె సంగతి ఆ సాయంత్రమే లింగమ్మ బీరయ్యకు చెప్పింది. బీరయ్య దాన్ని ట్రేలోంచి తీసి కాసేపు అరచేతిలో పెట్టుకుని, మెల్లగా నలిపి టబ్బు మట్టిలో కలిపాడు. తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు.

"టీచరమ్మ, అవి నన్ను గుర్తువడ్తయా?"

ఇన్నాళ్లూ ఆయన భయం ఇదని మాలో ఎవరికీ తట్టలేదు.

ఇంటికి పంపే రోజు కేంద్రం వ్యానులో నేనూ వెళ్లాను. ఊరి అవతల బీడులో లింగమ్మ చెల్లెలు మందను మేపుతోంది. బీరయ్య దూరంగానే దిగి నిలబడిపోయాడు. లింగమ్మ దిగి పక్కన నిలబడింది. చాలాసేపటికి ఆయన నాలుకతో ఒక చప్పుడు చేశాడు, టుర్ర్‌ర్ అని, గట్టిగా కూడా కాదు.

తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. మేస్తున్న గడ్డి నోట్లో ఉండగానే మంద మొత్తం మా వైపు తిరిగింది. ఆ తర్వాత ఉరికాయి. ఆయన మోకాళ్ల చుట్టూ, చేతుల కింద అన్నీ ఒరుసుకుంటూ, అరుస్తూ. ఆయన ఒక్కొక్కదాని గదవ పట్టుకుని మొకం చూస్తున్నాడు. నేను వ్యాను తలుపు పట్టుకుని బాహాటంగా ఏడ్చాను.

ఇప్పుడు కొత్తగా ఎవరు వచ్చినా వాళ్లకేం గుర్తుందని నేను అడగను. నిన్ను ఎవరు గుర్తుపడతారు అని అడుగుతాను. కొందరు కొడుకు పేరు చెప్తారు. మొన్న ఒకామె చాలాసేపు ఆలోచించి, మా బర్రె అన్నది. మట్టి ఆమె ముందు పెట్టి పక్కనే కూర్చున్నాను.