దున్నని చేను

పోడు పట్టాల కోసం సర్వే వాళ్లు మా గుట్టకు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పట్టా రాకపోతే ఫారెస్టు వాళ్లు చేనులో కందకాలు తవ్వి మొక్కలు నాటేస్తారు. మా మేనత్త చేను అలాగే పోయింది. నాకైతే దుమ్ముగూడెంలో టీచరు ఉద్యోగం ఉంది. నాయనమ్మకు ఆ చేను తప్ప ఏముంది?

ఆమె నోరు తెరిస్తే ఆగే మనిషి కాదు. విత్తనాల గురించి అడిగితే వాళ్ల అత్త పెళ్లి దాకా వెళ్తుంది. అందుకే ముందు రోజే కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"అడిగినదానికే జవాబు చెప్పు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడకు."

"అవ్ పంతులమ్మా, గట్లనే!" అని వెక్కిరించింది.

తెల్లారి సర్వే సారు వచ్చాడు. మా ఖర్మ, ఆ ఏడు చేనుకు విశ్రాంతి. రెండేళ్లు పండించి ఒక ఏడు పడావు పెట్టడం మా పద్ధతి. తుప్పలు నడుము దాకా లేచి ఉన్నాయి. సారు వాటిని చూసి మొహం చిట్లించాడు.

"ఎన్నేండ్ల సంది దున్నుతున్నరు అవ్వా?"

నాయనమ్మ నిటారుగా నిలబడింది. "దున్నలే సారూ. మా అత్త దున్నలే, నేను దున్నలే."

సారు అడిగింది సాగు గురించి, అయినా ఆమె నిజమే చెప్పింది. గుట్ట మీద నాగలి పెడితే తొలి వానకే మట్టంతా వాగు పాలవుతుంది. అందుకే మా వాళ్లు కర్రతో గుంట పొడిచి కొర్రలు, కందులు విత్తుతారు. దున్నలేదని చెప్పడం ఆమెకు గొప్ప.

"సార్, దున్నడమంటే..." అన్నాను.

"మీరాగండి మేడం. చేను ఆమెది, ఆమెనే చెప్పనియ్యండి."

చెప్పు నాయనమ్మా, ఆ కర్ర సంగతి చెప్పు అని కళ్లతోనే బతిమాలాను. ఆమె పెదాలు బిగించి నన్ను చూసి తల ఊపింది. సారు 'సాగు లేదు' అని రాసి ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. క్లాసులో నలభై మంది మీద అరిచే నేను, ఆయన కోపగించుకుని మొత్తానికే ఎసరు పెడతాడేమోనని ఆమె వేలి సిరా నా కొంగుతో తుడుస్తూ నిలబడ్డాను. ఛీ, ఏం చదువు నాది!

పట్టాల జాబితా ఇంకా రాలేదు. ఊరి నుంచి ఫోను వస్తే చాలు, ముందు అదే అడుగుతున్నాను. నాయనమ్మ మాత్రం కనబడిన ప్రతివాళ్లకూ చెబుతోంది.

"మా మనుమరాలు నేర్పినట్టే చెప్పిన. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలే."